వీసీ సారుకు హాలు నిండిన రోజు

ఇటు రండి, నా మంచం దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పాలున్నాయి, అవి పొంగేలోపు చెప్పేస్తాను. మా పక్కింటి రాజమణి ఒక యూనివర్సిటీ క్యాంటీన్‌లో చాయ్ పోస్తుంది. ఇదంతా ఆమె కళ్లారా చూసింది.

అక్కడి వీసీ సారుకు ఒక అలవాటుంది. డిసెంబరు చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, గడిచిన ఏడాది గురించి తన మనసులో మాటలు చెప్తాడు. చెప్తాడంటే మామూలుగా కాదు. కాగితాల కట్ట తెచ్చుకుని, మధ్యమధ్య కళ్లజోడు తుడుచుకుంటూ, చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా చెప్తాడు.

మరి వినేవాళ్లు? పోయిన ఏడాది దాకా, రాకపోతే హాల్‌టికెట్ ఆపేస్తామని బెదిరించి పిల్లల్ని తోలుకొచ్చేవారు. వచ్చినవాళ్లు జారుకోకుండా తలుపులకు గొళ్లేలు పెట్టేవారు.

ఈసారి ఆ వీలు లేకపోయింది. సారు గడువు ఈ నెలతో అయిపోతోంది. ఇంకో మూడేళ్లు అదే కుర్చీలో కూర్చోవాలని ఆయన ఆశ. ఆ సంగతి తేల్చడానికి సర్కారు నుంచి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడు. బలవంతంగా ఒక్కర్నీ తేవద్దు, ఎంతమంది తమంతట తాము వస్తారో చూసే రిపోర్టు రాస్తానని ఆయన ముందే చెప్పేశాడు.

సారుకు అన్నం సహించలేదు. పీఏ వైకుంఠాన్ని పిలిచి, ఏం చేస్తావో చెయ్యి, హాలు మాత్రం నిండాలన్నాడు.

వైకుంఠం సంగతి మీకు తెలియదు కదా. సారు చెప్పులు ఎక్కడ విప్పితే అక్కడ దండం పెట్టే రకం.

"ఫికర్ జేయకుండ్రి సార్," అన్నాడు. "మీరంటే జనానికి ఎంత పానమో రేపు మీరే జూస్తరు."

మర్నాడు పొద్దున సారు కారు వెనక దారిన హాలు చేరింది. ఆఫీసరు గారి కారూ దాని వెంటే వచ్చింది. సారు స్టేజీ పక్కన నిలబడి తెర సందులోంచి తొంగి చూశాడు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మెట్ల మీద జనం, కిటికీల్లో జనం. కబురు ఊరి ఆ చివరనున్న ఛత్రినాక దాకా పోయిందట. పాలు పోసేవాళ్లు, రిటైరైన గుమాస్తాలు షేర్ ఆటోల్లో వచ్చి దిగుతున్నారు. అరిచేవాడు లేడు, ఫోను చూసేవాడు లేడు. ఎవరి చేతిలో చూసినా పూలే.

సారు తెరకు చెవి ఆనించాడు.

ముందు వరసలో డానియేలు సారు ఉన్నాడు. పాఠాలు చెప్పే మనిషి. వీసీ మీద కోర్టుకెక్కాడని ఆయన్ని ఫ్యాను కూడా లేని మూలగదికి మార్చారు. ఆయనే అంటున్నాడు.

"ఎంతైనా మనసు మంచిదే. నోరే జరంత గట్టిది. నేనే తొందరపడి కోర్టుకు పోయిన."

పక్కన అఖిల. హాస్టల్లో నీళ్లు రావడం లేదని ధర్నా చేసి సస్పెండైన పిల్ల. చున్నీతో కళ్లు ఒత్తుకుంటోంది.

"సార్ మీద గంత లొల్లి జేసినం కదా. ఇయ్యాల మనసుకు మస్తు బాధైతుంది."

మన రాజమణి కెటిల్ కింద పెట్టి ముక్కు చీదుకుంటూ, సారుకు చక్కెర తక్కువ చాయ్ అంటే ఎంత ఇష్టమో పక్కామెకు చెప్తోంది. ఆ చక్కెర దగ్గరే ఆయన చేత ఎన్ని తిట్లు తిన్నదో ఆ పూట ఆమెకు గుర్తు రాలేదు.

సారు పక్కనే ఉన్న వైకుంఠం భుజం పట్టుకున్నాడు.

"చూశావా వైకుంఠం, వీళ్లకు నేనంటే ఇంత ప్రేమని నాకే తెలియలేదయ్యా."

తెర తొలగించుకుని స్టేజీ మీదికొచ్చాడు. హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. వెనక వరసలో ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయింది. డానియేలు సారు చేతిలో పూలు జారిపోయాయి. చప్పట్లు కొట్టాలన్న ధ్యాస ఎవరికీ లేదు. సారు చేతులు జోడించి కూర్చోమంటే, ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు.

ఇక మొదలుపెట్టాడు. ఈ ఏడాది మొక్కలు నాటామన్నాడు. వాటిని మేకలు తిన్న సంగతి దాటేశాడు. నీళ్ల ట్యాంకుకు రంగులు వేయించామన్నాడు. అందులోకి నీళ్లెప్పుడొస్తాయో చెప్పలేదు. మనమంతా ఒకే కుటుంబం, అందుకే హాస్టల్లో గదికి ఆరుగురిని సర్దామన్నాడు.

వేరే ఏడాదైతే ఈపాటికి గురకలు వినిపించేవి. ఆ రోజు రెప్ప వేసినవాడు లేడు. సారు కుడికి జరిగితే తలలన్నీ కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు. ఆయన దగ్గితే హాలు హాలంతా ఉలిక్కిపడింది. కాగితాల కట్ట మొత్తం చదివినా ఒక్కరు కదల్లేదు.

ఆఫీసరు గారు ముక్కున వేలేసుకున్నాడు. తన సర్వీసులో ఇలాంటి సభ చూడలేదని, ఇంకో మూడేళ్లు మీరేనని అక్కడికక్కడే సారు చెవిలో వేశాడు.

అంతా అయ్యాక డానియేలు సారు స్టేజీ ఎక్కాడు. వీసీ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సారు ఆయన్ని కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కింద అఖిల చున్నీ దులుపుకుని, రేపు ధర్నా ఎన్ని గంటలకే అని పక్క పిల్లనడిగింది.

ఇది బాగా గుర్తుపెట్టుకుని మీరూ నలుగురికి చెప్పండి, కాకపోతే నాలాగే ఈ ఒక్క ముక్కను ఆఖరికి ఉంచండి: ఆ రోజు తెల్లారగానే వైకుంఠం భక్తి పట్టలేక, క్యాంపస్ గేటు పక్కన సారు నిలువెత్తు ఫొటో పెట్టించి, దానికి బంతిపూల దండ వేసి, ముందు దీపమూ ఊదుబత్తులూ వెలిగించాడు.