మోకాళ్ల డబ్బు

“మోకాళ్ల వైద్యానికని డబ్బు నీ చేతికే ఇస్తే, చెడిపోయిన లిఫ్టు బాగుచేయిస్తావా మామ్మా?” వైద్య సాయం పథకం తనిఖీ అధికారి నాలుగో అంతస్తు గుమ్మంలోనే రంకెవేశాడు. మోకాళ్లు ఆమెవి, పెత్తనం ఆయనది.

“ఇదివరకు మీ చేతిలోనే ఉండేదిగా? నెలనెలా మాత్రలు పంపారు. నొప్పి తగ్గింది గానీ మెట్లు తగ్గలేదు.”

“ఏది వైద్యమో తేల్చేది మేం! సొమ్మంతా వెనక్కి కట్టాల్సిందే.”

మామ్మ నవ్వి కుర్చీ జరిపింది. “కూర్చుని రాసుకో నాయనా. మూడేళ్లుగా కింద వీధిలోంచే ఫోన్ చేసి, ‘ఇంటికెళ్లి రోగిని చూశాను’ అని రాసుకుపోయావే! ఇవాళ పైకెలా రాగలిగావో అదీ రాయి.”

అధికారి కలానికి మూత పెట్టి వెనుదిరిగాడు.

“కిందికేనా? ఆగు, నేనూ వస్తా,” అంటూ మామ్మ చెప్పులేసుకుంది.