పూలకుండీ లేని ఇల్లు

వెనింగ్ గీసిన ఇంట్లోంచి ఇంతవరకూ ఒక్కరూ బయటపడలేదు.

మూడు వారాల్లో పదకొండు మంది ఆడి చూశారు. పదకొండు మందీ చచ్చారు. ముందుగదిలో పేము కుర్చీ ఉంటుంది. అందులో వీధితలుపుకి అడ్డంగా ఒక మగమనిషి. భుజాలూ మెడా తప్ప ఏమీ కనబడవు. ఇంట్లో ఎక్కడ చిన్న అలికిడైనా ఆ కుర్చీ కిర్రుమంటుంది. అంతే, ఆట అయిపోతుంది.

ఇండొనేషియాలో, బాండుంగ్‌లోని ఆ చిన్న కంపెనీకి అదే మొదటి భయపెట్టే ఆట. గలిహ్ కోడ్ రాస్తాడు. వెనింగ్ బొమ్మలు గీస్తుంది. ఎక్కడో మలాంగ్‌లో ఉంటుంది. చేరి నాలుగు నెలలైనా ఆమె మొహం ఎవరూ చూడలేదు, కెమెరా పాడైందట. గొంతు మాత్రం లైన్లో వినిపిస్తుంది, పక్కన పసిపాప నిద్రపోతున్నట్టు మెల్లగా.

శుక్రవారం మధ్యాహ్నం యజమాని హెంద్రో తేల్చి చెప్పేశాడు.

“సాయంత్రంలోగా ఒక్కడైనా బయటపడాలి. లేదంటే ఆ ఇల్లు తీసేస్తాను, ఆ అమ్మాయినీ తీసేస్తాను. దారి లేని ఆట ఎవడు కొంటాడయ్యా?”

గలిహ్‌కి జాలేసింది. ఒళ్ళూ మండింది. దారి పెట్టడం తనకి రెండు నిమిషాల పని. ఆవిడ పెట్టనిస్తేగా!

“చిత్రకారిణి గారూ, ఉద్యోగం పోయేలా ఉంది,” అన్నాడు హెడ్‌ఫోన్ తగిలించుకుని. “చివరిసారి అడుగుతున్నా. వాకిట్లో ఒక పూలకుండీ పెట్టి, దానికింద తాళంచెవి దాచెయ్యనా?”

“ఆ ఇంట్లో పూలకుండీ లేదు.”

“లేకపోతే గీయండి తల్లీ! గీసేది మీరేగా!”

“లేనిది గీస్తే ఏం లాభం?” అంది వెనింగ్. “ఉన్నవాటితోనే దారి కావాలి.”

“కోడ్ ఒక్క ముక్క రాదు గానీ, మొండితనానికేం తక్కువ లేదు.”

“రాదు కాబట్టే మిమ్మల్ని బతిమాలుతున్నా. మీరంతా తెలివైనవాళ్ళు. ఇంకొక్కసారి వెతకండి.”

అవతల ఎవరో మగమనిషి దగ్గాడు. లైను మూగబోయింది. నిమిషం తర్వాత, “ఆఁ, చెప్పండి,” అంది.

అప్పుడే టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి లస్త్రి వచ్చింది. ఆఫీసులో టీ కాచే మనిషి, యాభై దాటాయి. అందరూ “బూ” అని, అంటే అమ్మా అని, పిలుస్తారు. మూడు వారాలుగా వీళ్ళ చావులన్నీ వెనకనుంచి చూస్తూనే ఉంది.

“ఎవడొచ్చినా తిన్నగా ఆ తలుపుకేసి పోతాడేంట్రా? వాడు కూర్చున్నదే అక్కడాయె!”

“అయితే నువ్వాడు బూ,” అని గలిహ్ లైను స్పీకర్లో కూడా పెట్టి, ఎగతాళిగా మౌస్ చేతికిచ్చాడు.

లస్త్రి తలుపు వైపే చూడలేదు. స్నానాలగదిలోకి నడిచింది. నీళ్ళ తొట్టి గట్టెక్కి పైకి చూసింది.

“ఈ పెంకులు లేస్తాయా?”

“బొమ్మ బూ అది! పెంకులెక్కడ లేస్తాయి?”

“విడివిడిగానే గీశాను,” అంది వెనింగ్ గొంతు. “మేకులు లేవు.”

గలిహ్ బొమ్మ ఫైలు తెరిచి చూశాడు. నిజమే. రెండొందల పన్నెండు పెంకులు, దేనికది. ఎవరూ తలెత్తి చూడని కప్పుకి ఇంత చాకిరీ ఎందుకు చేసిందో, ఏమిటో! గొణుక్కుంటూనే పెంకులు కదిలేలా నాలుగు వరసల కోడ్ రాశాడు.

లస్త్రి ఒక పెంకు లేపింది. కుర్చీ కిర్రుమంది. చచ్చింది.

“చప్పుడౌతోంది,” అంది మౌస్ వదలకుండా. “అమ్మాయ్, ఆ వీధిలోకి బక్సో సూపు అమ్మే బండి వస్తుందా?”

“అయిదున్నరకి,” వెనింగ్ వెంటనే చెప్పింది. “చెంచాతో గిన్నె కొడుతూ వస్తాడు. ఈ గోడ పక్కనే ఆగుతాడు.”

“ఆ గిన్నె మోగినంతసేపూ పెంకు చప్పుడు ఎవడికీ వినబడదు.”

గలిహ్ పట్టిక చూశాడు. వెనింగ్ ఇచ్చిన శబ్దాల జాబితాలో గిన్నె ఉంది. శబ్దాలవాడు సోమవారం గానీ రాడు. ఆటలో ఇంకా ఒక్క మోతా పెట్టలేదు, కుర్చీ కిర్రు తప్ప. సరే, బండి వచ్చే ఆ కాసేపూ కుర్చీలోవాడికి చెవుడు వచ్చినట్టు రాసేశాడు.

లస్త్రి మళ్ళీ గట్టెక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు పెంకులు. ఆకాశం కనబడింది. బయటపడింది!

ఆఫీసంతా ఈలలు. హెంద్రో పరిగెత్తుకొచ్చాడు. “ఇల్లూ ఉంటుంది, అమ్మాయీ ఉంటుంది!” అని బల్ల చరిచాడు.

వెనింగ్ సంతోషించినట్టు లేదు.

“తొట్టి గట్టు మనిషి బరువు ఆపుతుందా?” అని అడిగింది.

గలిహ్ పకపకా నవ్వాడు. “ఆటలో మనిషికి బరువేమిటండీ!”

లస్త్రి నవ్వలేదు. మైకు దగ్గరికి వంగింది.

“మూలన కాలు పెట్టమ్మా. మధ్యలో పెడితే విరుగుతుంది. చెప్పులొద్దు.”

“సరే బూ.”

ఒక్కొక్కరే సంచులు తగిలించుకుని వెళ్ళిపోయారు. లస్త్రి మాత్రం గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడింది. గలిహ్ స్పీకరు కట్టేసి, ఆట ఆపేశాడు. తెర నల్లబడింది. టైము అయిదున్నర.

“బతికిపోయారు చిత్రకారిణి గారూ. సోమవారం మాట్లాడుకుందాం.”



హెడ్‌ఫోన్ తియ్యబోతుంటే అతని చెవిలో గిన్నె మోగింది, టింగ్, టింగ్, ఆ వెనకే మెల్లగా పెంకు జరిగిన చప్పుడు.