పేర్లకు ఖాళీ

ఆ ఉదయానికి పదో కాగితాన్ని కూడా ఉండచుట్టి బల్ల కింద పడేశాడు రాతగాడు.

"ఊరందరికీ ఉత్తరాలు రాసిపెట్టే మనిషివి. పెళ్లానికి నాలుగు ముక్కలు రాయలేవూ?" పక్క బల్ల దగ్గర రాసే కళ్లజోడాయన నవ్వాడు. పోస్టాఫీసు వరండాలో ఉత్తరాలు రాసిపెట్టే బల్లలు ఆ రెండే. చివరిది రాతగాడిది.

"నీ పని చూసుకో."

భార్య అక్కగారింటికి వెళ్లిపోయి నెలయింది. "పగలల్లా ఊళ్లోవాళ్ల ఏడుపులు రాస్తారు, సాయంత్రానికి చేతులు కడుక్కుని మరిచిపోతారు. నాతో మాత్రం ఒక్క మాట ఉండదు" అని మరీ వెళ్లింది. పది రోజుల కిందట ఆమె ఉత్తరం వచ్చింది. జవాబు మీ చేత్తో రాస్తేనే తిరిగొస్తానంది.

ఆమెకు చదువు రాదు. ఎవరో రాసిచ్చినదాన్ని బడిపిల్ల ఎత్తిరాసినట్టుంది. అక్షరాలు పిల్లవే, మాటలు పిల్లవి కావు. 'ఇక్కడ గుమ్మం ముందు ఎన్ని చెప్పులున్నా నా కళ్లు మీ జత కోసమే వెతుకుతాయి.'

ఆ వాక్యం దగ్గరే అతని కలం మొరాయిస్తోంది. దానికి దీటైనది ఒక్కటైనా రాయాలి. రావడం లేదు. రెండు ప్రశ్నలు మండిస్తున్నాయి. ఆమె తన మనసు ఏ పరాయివాడి ముందు విప్పింది? వాడెవడో అంత బాగా ఎలా రాశాడు? రెండో మంటే ఎక్కువగా ఉంది.

ఉత్తరం తీసి కళ్లజోడు ముందు పడేశాడు. "నిజం చెప్పు. ఇది నీ పనేనా?"

కళ్లజోడు చదివాడు. మళ్లీ చదివాడు. మొహంలో నవ్వు పోయింది.

"నాకిలా రాయడం వస్తే జనం నీ బల్ల దగ్గరే ఎందుకు మూగుతారు?"

"ఆ చెప్పుల మాట నా నాలిక చివర ఉన్నదే. వాడెవడో లాగేసుకున్నాడు."

"పోనీ, జవాబు నేను రాసిపెట్టనా?"

"నా పెళ్లానికి నువ్వా! చెయ్యి విరుగుద్ది."

ఇంతలో గొడుగు మడుచుకుంటూ ఒక పెద్దావిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. "గుర్తున్నానా బాబూ?"

లేదు. "పనేమిటమ్మా?"

"మా పక్కింట్లో ఉండే అమ్మాయికి ఇంకో ఉత్తరం కావాలి. మొగుడి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పేర్లకు మొన్నట్లాగే ఖాళీ వదలండి."

పరువు పోతుందని అలా అడిగేవాళ్లు చాలామందే వస్తారు. రాతగాడు తల అడ్డంగా తిప్పాడు.

"ఇవాళ నాకు కలం నడవడం లేదమ్మా. ఆ కళ్లజోడాయన చేత రాయించుకోండి."

"కుదరదు. చివరి బల్లాయన చేతే రాయించాలని నా దగ్గర ఒట్టేయించుకుంది."

"నా చేతే ఎందుకట?"

"ఏమో నాయనా, నాకేం తెలుసు? ఇంకోటి కూడా చెప్పింది."

"ఏమని?"

"ఆ చెప్పుల మాట ఈసారి కూడా వేయమంది."