నిద్రమొహంగారి చిప్స్

అల్లుడి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

మనిషి లేడు గానీ, అతని చిప్స్ మాత్రం బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాయి. చిప్స్ అంటే నమిలేవి కాదు, పందెం బిళ్ళలు. నిన్న వేరే బల్ల దగ్గర రోజంతా ఆడి సంపాదించుకున్న ఓ మోస్తరు గుట్ట.

"ఈయనగారేరీ?" అని అడిగాడు అల్లుడు.

"రాలేదు. ఆయన కోసం ఆట ఆగదు" అన్నాడు ముక్కలు పంచే డీలరు.

పోకర్ పోటీల్లో అదో పద్ధతి. మనిషి రాకపోయినా అతనికీ ముక్కలు పంచుతారు. వంతు వచ్చినప్పుడల్లా అతని గుట్టలోంచి చిప్స్ తీసి డీలరే మధ్యలో పెడతాడు. అడిగే నాథుడు లేడు కాబట్టి ముక్కలు వెనక్కి పోతాయి, చిప్స్ మాత్రం గెలిచినవాడి పాలవుతాయి.

ఊరుగాని ఊరు, దేశంగాని దేశం వస్తే ఇంత సుళువుగా చిప్స్ దొరుకుతాయని అల్లుడు కలలో కూడా అనుకోలేదు.

"రాత్రి బాగా తాగి పడుకున్నట్టున్నాడు నిద్రమొహం. పాపం, లేపకండి!" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నవ్వాడన్న మాటేగానీ, అల్లుడికి లోపల ఓ బెంగ ఉంది. స్వదేశంలో అతనికి టైల్స్ షాపుంది. మనసు మాత్రం పేకముక్కల మీదే. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మామగారు ఊరికే వెంట రాలేదు. విమానం ఎక్కకముందే తేల్చి చెప్పారు.

"చూడు అల్లుడూ, ఇదే ఆఖరు. ఈసారి బహుమతి రాకపోతే జన్మలో ముక్క ముట్టుకోకూడదు. మా అమ్మాయి మీద ఒట్టెయ్యి."

వేశాడు. పెళ్ళాం మీద ఒట్టు, తప్పడానికి వీల్లేదు.

పొద్దున హోటల్ గుమ్మం దగ్గర "నువ్వు పద, నేను కాఫీ తాగి మెల్లగా వస్తా" అన్న మామగారు ఇంతవరకూ చూసేవాళ్ళ వరుసలో కనిపించలేదు.

'రాకపోతేనే నయం. ఆయన మొహం చూస్తే చేతికొచ్చిన రాజు కూడా పారిపోతాడు' అనుకున్నాడు అల్లుడు. బల్ల దగ్గర ఫోను వాడకూడదు కాబట్టి దాన్ని ఆపేసి సంచిలో పడేశాడు.

మధ్యాహ్నానికి కథ అడ్డం తిరిగింది. రెండు పెద్ద పందేల్లో చావుదెబ్బ తిన్నాడు. చేతిలో గుప్పెడు చిప్స్ కూడా మిగల్లేదు.

అప్పుడే మైకులో చెప్పారు.

"ఇంకొక్కరు ఓడిపోతే చాలు. మిగిలినవాళ్ళందరికీ బహుమతులు!"

అల్లుడు తన ముందు చూసుకున్నాడు. పక్క కుర్చీ ముందు చూశాడు. అక్కడ ఇంకా తక్కువ ఉన్నాయి. పైగా చిప్స్ పెట్టే వంతు ముందు ఆ కుర్చీదే.

ఇక ఉన్న కాసిన్ని చిప్స్ పోకుండా, మంచి ముక్కలొచ్చినా పారేయడం మొదలుపెట్టాడు. హాలు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పి చూశాడు.

'రావద్దు నాయనా, నీకు పుణ్యముంటుంది. ఇంకాసేపు పడుకో' అని మనసులోనే వేడుకున్నాడు.

ఎవరూ రాలేదు. డీలరు ఆ గుట్టలో మిగిలిన నాలుగు చిప్స్ కూడా తీసి మధ్యలో పెట్టాడు. ముక్కలు పంచాడు, వెనక్కి తీసేశాడు. ఆ కుర్చీ పని అయిపోయింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. అల్లుడు లేచి ఖాళీ కుర్చీకి వంగి వంగి దణ్ణం పెట్టాడు.

కాసేపటికి తనూ ఓడిపోయి బయటికొచ్చాడు గానీ, అప్పటికే బహుమతి ఖాయమైపోయింది. ఫోను తెరిస్తే, ఒకే కొత్త నంబరు నుంచి ఒకటే కాల్స్. తిరిగి చేశాడు.

"మీ పెద్దాయన మా ఆస్పత్రిలో ఉన్నారు" అంది అవతలి గొంతు.

పరుగున వెళ్ళాడు. మామగారు మంచం మీద ఉన్నారు. చేతికి సెలైను, మొహంలో నీరసం. "గుండెపోటు. సమయానికి తీసుకొచ్చారు కాబట్టి దక్కారు" అంది నర్సు.

"ఇదిగో, ఈ బాబు చలవే" అంటూ పక్కన నిలబడ్డ బక్కపల్చటి మనిషిని చూపించారు మామగారు. "కాఫీ కొట్టు ముందు కూలబడ్డా. అందరూ తప్పుకుని పోతున్నారు. ఎక్కడికో ఆదరాబాదరా పోతున్న ఈయన ఆగాడు. నన్ను చేతుల మీద మోసుకెళ్ళి కారెక్కించాడు. ఎవరో ఒకరు తోడుండాలన్నారట, పొద్దున్నుంచీ కదల్లేదు."

అల్లుడు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటిని కళ్ళకద్దుకున్నాడు.

"అది సరే, నీ సంగతేమైంది?" అన్నారు మామగారు.

"బహుమతి కొట్టా మామయ్యా! నా పక్క కుర్చీలో ఒక నిద్రమొహం ఉన్నాడులే. పుణ్యాత్ముడు, అసలు రానేలేదు. అందరం కలిసి వాడి చిప్స్ నున్నగా ఊడ్చేశాం. వాడే గనక వచ్చుంటే, నేను మీ ఒట్టుకి కట్టుబడి ఏడుస్తూ కూర్చునేవాణ్ణి!"

మామగారు నీరసంలోనే నవ్వారు. తెలుగు ముక్క రాకపోయినా, వాళ్ళు నవ్వుతున్నారని ఆ మనిషీ నవ్వాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు.

"మీరు వచ్చేశారుగా, నేను వెళ్తాను" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, అల్లుడి మెడలో వేలాడుతున్న పోటీ కార్డు చూసి ఆగాడు.

"మీరూ ఆడుతున్నారా? ఏ బల్ల?"

"పదకొండు."

అతని మొహం విప్పారింది.

"నాదీ అదే బల్ల. ఇప్పుడు పరిగెత్తితే నా గుట్టలో ఏమైనా మిగిలుంటుందంటారా?"