కంటి వెనక నరం

ఎవరో పిలిస్తే మురుగేష్ మరమగ్గం ఆపి బయటికొచ్చాడు.

వాకిట్లో నల్ల కళ్లద్దాల మనిషి. కర్రతో మెట్టు తడుముకుంటున్నాడు.

“ఎవురప్పా నువ్వు?”

“పుత్తూరు నుంచి వచ్చినాను. నా పేరు గురప్ప. ఒకసారి తిరపతికి పోయి కండ్లు సూపించుకోప్పా.”

మురుగేష్‌కు నవ్వొచ్చింది. కంటాసుపత్రుల బ్రోకర్లు నగరి సందుల్లో ఈగల్లా ముసురుతున్నారు. గుడ్డివాణ్ని పంపడం మాత్రం కొత్త ఎత్తు.

“నా కండ్లకేమప్పా? తెగిన పోగును ఈ పొద్దుకీ లైటు లేకుండా ముడేస్తాను.”

నేతగాళ్లకు అంతకు మించిన కంటిపరీక్ష లేదు.

“నేనూ మగ్గం మనిషినే. నేనూ అట్నే అనుకున్నా. పోగు కడదాకా కనబడతాది. చూపు పక్కల నుంచి పోతా వస్తాది, నొప్పి కూడా ఉండదు. చుక్కలేసి కంటి వెనక నరం సూస్తే ముందే తెలుస్తాదంట.”

“చుక్కలేస్తే సాయంత్రం దాకా మసక. దీపావళి ఆర్డరు నువ్వు నేస్తావా?”

గురప్ప కర్ర ఊతం చేసుకుని అక్కడే నిలబడ్డాడు.

తలుపు దగ్గరికొచ్చిన తల్లి చౌడేశ్వరమ్మ అతన్ని ఒక్క చూపు చూసి గిర్రున లోపలికి పోయింది. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

“ఎంతిస్తారు నీకు కమీషను?” అంటూ మురుగేష్ తలుపేశాడు.

“కోపం చేసుకోవాకప్పా. ఒక్కసారి పో” అని అవతల నుంచి వినబడింది.

రెండేళ్లు గడిచాయి. ఒకనాడు మగ్గం దగ్గర ఎడమ కంట్లో దూది నలుసు పడింది. ఆ కన్ను మూశాడు.

ఎదురుగా ఉన్న మగ్గం మాయమైంది.

కుడికన్ను ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టర్ అమల చుక్కలు వేసి, నరం చూసింది.

“గ్లకోమా. కుడికంటి చూపు ఇక రాదు. ఎడమకంటి నరం కూడా సగానికి పైగా దెబ్బతింది. రెండేళ్ల ముందు వచ్చుంటే ఇంత దూరం రానిచ్చేవాళ్లం కాదు.”

మగ్గం తప్ప మురుగేష్‌కు వేరే పని రాదు.

“ఇది రక్తసంబంధంలో కూడా వస్తుంది. మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందా?”

“లేదు మేడం. మా నాయనకు నేనొకడే బిడ్డ.”

పక్కనే నిలబడ్డ చౌడేశ్వరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

“ఉండాది మేడం, ఆ పుత్తూరు గురప్పకు” అంది. కొడుకు ముఖం చూడలేక నేల చూసింది. “పోలికలు సూస్తానే గుర్తుపట్టినాను. ఇంట్లో భాగం అడిగేదానికి వచ్చినాడనుకొని నోరు మూసుకున్నాను నాయనా. వాడు మీ నాయన మొదటి పెండ్లాం కొడుకు, నీ అన్న.”