అల్లుడు బండి, కోడలు బండి

"ఎత్తెంత బాబూ?" అని అడిగింది బళ్ళ షోరూం కౌంటరులో కూర్చున్న పెద్దక్క, ఫారం మీంచి తల ఎత్తకుండానే.

"అయిదడుగుల పదకొండంగుళాలు."

"బరువు?"

"డెబ్బై కేజీలు. బండి కొనడానికి నా బరువెందుకు ఆంటీ?"

ఇలాంటి రేసు బళ్ళకు వెనక స్ప్రింగును తోలేవాడి బరువును బట్టే బిగిస్తారని ఆమె చెప్పింది. వయసు ఇరవై రెండని, సిగరెట్టు ముట్టనని కుర్రాడు చెబితే అదీ రాసుకుంది. హెల్మెట్ మీద అంటించే చీటీ కోసం రక్తం గ్రూపు కూడా అడిగింది. ఓ పాజిటివ్ అన్నాడు. ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

కుర్రాడి పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. అద్దం అవతల రెండు బళ్ళు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. వేరు వేరు కంపెనీలవి, పుట్టుకతోనే పగవాళ్ళు. ధరా ఒకటే, జోరూ ఒకటే. కుర్రాడి కన్ను ఎర్రదాని మీద. తల్లికి అసలు ఏదీ ఇష్టం లేదు. కొడుకు నాలుగు పూటలు భోజనం మానేస్తే దిగొచ్చి, కొంటే నీలిదే కొనమని పట్టుబట్టింది. వారం రోజులుగా ఇంట్లో ఇదే రామాయణమట.

ఆ షోరూంలో నీలిదాన్ని కోడలు అంటారు, ఎర్రదాన్ని అల్లుడు అంటారు. పేర్లు పెట్టింది పెద్దక్కే. నీలిదాని కడుపులో ఒక చిన్న కంప్యూటరు ఉంది. తోలేవాడు ఎంత తిక్కగా మలుపు తిప్పినా, ఎంత బెదిరి బ్రేకు నొక్కినా, ఆ తప్పు కడుపులో పెట్టుకుని మనిషిని ఇంటికి చేరుస్తుంది. ఎర్రదానికి అంత ఓర్పు లేదు. మర్యాదలో వెంట్రుకవాసి తేడా వచ్చినా విసిరికొట్టి పోతుంది. ఒకాయన దాని మీద వెళ్తూ బ్రేకు వేస్తే బండి ఆగింది గానీ, ఆయన నీడ ఇంకో ఫర్లాంగు పోయి ఆగిందట. అది షోరూం మెకానిక్కు చెప్పిన మాట. అందులో ముప్పాతిక కోసేసినా, మిగిలిన పాతిక చాలు భయపడటానికి.

పద్నాలుగేళ్ళుగా ఆ కౌంటరులో ఆమెది ఒకటే నియమం. పెద్ద బండి కొత్తగా ఎక్కేవాడికి అల్లుణ్ణి అంటగట్టదు. బతిమాలేది, బెదిరించేది, అవసరమైతే ఎర్రది రిపేరులో ఉందని నిలువెత్తు అబద్ధం కూడా ఆడేది. యజమాని ఆమెను అడ్డుపుల్ల అని వెక్కిరించినా ఆమె మారలేదు. ఈ మధ్య అయితే పొద్దున రాగానే పేపరు తీసి ముందు ప్రమాదాల వార్తలే చదువుతోంది. తన చేతి మీదుగా వెళ్ళిన పిల్లల కోసం తల్లడిల్లుతోందని, అందుకే అలా చిక్కి సగమైందని అందరూ అనుకుంటున్నారు.

"మీకు పిల్లలున్నారా వదినా?" అని అడిగింది కుర్రాడి తల్లి.

"ఒక్కడే. మీవాడి ఈడే. ఇంతే ఎత్తు."

"ఏం చేస్తుంటాడు?"

"ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాడు. పిలుపు రావాలి."

తల్లి నిట్టూర్చింది. ఈ రోజుల్లో ఉద్యోగాలు ఎక్కడున్నాయని, తన తమ్ముడి కొడుకు మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగాడని చెప్పుకొచ్చింది. బల్ల మీద ఫోను మోగితే పెద్దక్క ఉలిక్కిపడి అందుకుంది. ఎవరో ప్లాట్లు అమ్మేవాళ్ళు. మళ్ళీ దాన్ని చేతికందేంత దగ్గరగా పెట్టుకుంది.

"నాకీ బళ్ళ సంగతి ఏం తెలుసు," అంది తల్లి. "సాటి తల్లివని అడుగుతున్నా. నా స్థానంలో నువ్వుంటే ఏది ఇప్పిస్తావు?"

ఆ ప్రశ్న వినగానే మెకానిక్కు గోడకు తగిలించిన నీలిదాని తాళం తీసేశాడు. జవాబు అతనికి పద్నాలుగేళ్ళుగా కంఠతా వచ్చు.

పెద్దక్క గ్లాసెడు నీళ్ళు తాగింది. కుర్రాడి ముఖంకేసి చూసింది. నిన్నో మొన్నో వచ్చినట్టున్న మీసం. చటుక్కున చూపు తిప్పేసుకుంది.

"ఎర్రది," అంది.

మెకానిక్కు దగ్గరికొచ్చి, "అక్కా, ఈ అబ్బాయి ఇంతవరకూ పెద్ద బండి ముట్టలేదట," అని గొంతు తగ్గించి గుర్తుచేశాడు.

"తెలుసు."

తల్లి కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదానివి, నీ మాట మీదే ఒప్పుకుంటున్నానంది. ఆమె చేయి పట్టుకుని, "మీవాడికీ తొందరగా పిలుపు రావాలి వదినా," అని దీవించింది. పెద్దక్క మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

రక్తం గ్రూపు చీటీని హెల్మెట్ మీద ఆమే అంటించింది. రెండుసార్లు వంకరపోతే పీకి మళ్ళీ అంటించింది. ఎర్రది ఒక్క అరుపు అరిచి గేటు దాటుతుంటే, ఆమె కుర్చీ తన్నేసి గుమ్మందాకా పరుగెత్తింది. ఆగమని పిలిచింది. ఆ మోతలో ఆమె మాట ఆమెకే వినబడలేదు. చెయ్యి ఎత్తింది. కుర్రాడు వీడ్కోలు అనుకుని, ఎంతో మర్యాదగా తిరిగి చెయ్యి ఊపి, మలుపు తిరిగిపోయాడు.

ఈ పద్నాలుగేళ్ళ నియమం ఇవాళ ఏమైందక్కా అని మెకానిక్కు అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. కౌంటరు వెనక కూలబడి, సొరుగులోంచి మడతలు నలిగిపోయిన ఒక కాగితం తీసింది. దాన్ని కుర్రాడి ఫారం పక్కన పరిచి, ఒక్కొక్కటే వేలు పెట్టి సరిచూసుకుంది. వయసు, ఎత్తు, బరువు, రక్తం గ్రూపు, అన్నీ సరిపోయాయి. ఫోను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆసుపత్రిలో ఉన్న కొడుక్కి ఎలాంటి గుండె దొరకాలో డాక్టరు రాసిచ్చిన కాగితం అది.