షూ మెత్తబడాలి

కొత్త బ్యాలే షూని తలుపు సందులో పెట్టి ఫెళ్ళున విరిచాను. సుత్తితో దాని ముక్కు పగలగొడుతుంటే, పది రోజుల కిందట పెళ్లాడిన మా ఆయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి మెలిపెట్టాడు.

"పిచ్చా నీకు? గంటలో సెలెక్షన్ పెట్టుకుని!"

"అబ్బా, వదులు!"

"ఇరవయ్యేళ్లకి డాన్సు మొదలెట్టినదానివి. ట్రూపులోకి తీసుకోకపోతే కొంపలేం మునగవు. దానికి షూని చంపుతావా?"

నవ్వాగలేదు నాకు. "మహానుభావా, కొత్త షూ ముక్కు గట్టిగా ఉండి స్టేజీ మీద టకటకమంటుంది. అందరూ ఇలాగే విరిచి, బాది మెత్తబరుస్తారు."

అంతలో నవ్వు ఆగిపోయింది.

"అంటే, నాకు సెలెక్షన్ రాదనే అనుకున్నావా? వచ్చే ఏడాదికి ట్రూపులో చేరే వయసు కూడా దాటిపోతుంది."

అతను కింద కూర్చుని రెండో షూ అందుకున్నాడు.

"ఎక్కడ కొట్టాలి?"

"ముక్కు మీద."

మొదటి దెబ్బ తన బొటనవేలి మీదే పడింది. గోరు చిట్లి రక్తం కారుతున్నా సుత్తి ఆపలేదు.

"ఇంకా గట్టిగా," అన్నాను.